ముఖము పడినదా, సారూ?

సెప్టెంబరు 5వ తేదీ సర్వేపల్లి రాధాకృష్ణుని జన్మదినమనియు, ఆ దినమును దేశీయులు 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవముగ జరుపుకొనుచున్నారనియు ప్రతి బడిలోను ప్రతి సంవత్సరము ఉపన్యసింతురు. అయితే 2016లో సరిగా ఆ తేదీననే జియో అను సంస్థ తన సేవలను ఆరంభించి, ఆ యేడాది డిసెంబరు దాక మాటలును డేటాయు ఉచితమని దేశమునకంతకును చాటినదను విషయమును గాని, మరుసటి యేడాది మరల ఆ తేదీననే ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ఉపాధ్యాయుల కొరకు 'దీక్ష' యను అంతర్జాల వేదికను ప్రారంభించిరను విషయమును గాని ఏ ఉపన్యాసకుడును స్మరింపడు. పాతగురువు పుట్టినదినమున పూలదండ వేసి, ఆ పందిరి క్రిందనే కొత్తగురువులకు బారసాల చేయగల మితవ్యయము మనకే చెల్లినది. మా మంచిర్యాల జిల్లా 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, ఆదిలాబాదు నుండి వేరుపడి పుట్టినది గావున జియోకంటె ముప్పదియారు దినములు చిన్నది. అన్న మాటను తమ్ముడు జవదాటరాదు; మేమును దాటలేదు.

గురువునకు కాలము చెల్లినదని దండోరా వేయుట కొత్త కాదు. 1913లోనే అమెరికాలో థామస్ ఎడిసను, చలనచిత్రములు వచ్చినవి గావున బడులలో పుస్తకముల యవసరము త్వరలోనే తీరిపోవునని జోస్యము చెప్పెను. ఆయన పోయి తొంబదియేండ్లు దాటినను పిల్లల సంచి బరువు తగ్గలేదు. 1975 ఆగస్టు 1న మన దేశమున ఉపగ్రహ బోధన ప్రయోగ మారంభమై, ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో ఇంచుమించు 2400 గ్రామములకు ఆకాశమునుండి పాఠములు దిగినవి. సంవత్సరము తిరుగగానే గడువు తీరి, అమెరికావారి యా ఉపగ్రహము తన త్రోవను తాను పోయినది. పంతులు మాత్రము సుద్దముక్కతో నల్లబల్లయొద్దనే నిలిచియుండెను. చలనచిత్రమును, ఉపగ్రహమును పంతులు కుర్చీని కాజేయ జూచి భంగపడినవి. సెల్‌ఫోను వానికంటె గడుసుది. అది పంతులు కుర్చీని కోరనేలేదు. పంతులునే తన గుమాస్తాగ నియమించుకొన్నది.

ఈ నియామకపు టుత్తరువు 2020లో వెలువడినదని చెప్పవలెను. ఆ మార్చిలో మహమ్మారి బడులకు తాళములు వేయించిన పిదప, సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్‌లోను తెలంగాణ పిల్లలకు పాఠములు ప్రసారము కాజొచ్చినవి. టీవీ లేని యింట సెల్‌ఫోనే బడి. మా సింగరేణి ప్రాంతమున నిందొక విశేషము గలదు. బొగ్గుబాయిలోనికి అగ్గిపెట్టెను, బీడీకట్టను వలెనే సెల్‌ఫోనును గూడ పోనీయరు. మీథేను వాయువు కూడుకొను చోట నొక్క నిప్పురవ్వ చాలును. కావున తండ్రి మొదటి షిఫ్టుకు పోవుచు ఫోనును ఇంట విడిచినచో బిడ్డకు పాఠము దక్కెడిది. తండ్రి రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఫోనును తలగడ క్రింద నుంచుకొని నిదురించినచో ఆ దినము బడికి సెలవు. శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి కాలనీలలో బాయి షిఫ్టు పట్టికయే బడి గంటల పట్టిక యయ్యెను. విద్యాశాఖకు గనుల భద్రతా నియమములు చేసిన యీ మహోపకారమును ఏ నివేదికయందును ప్రస్తావింపకపోవుట కృతఘ్నత.

మరి ఆ కాలమున మా సారుల పని యేమి? పాఠమును టీవీలో మరియొకరు చెప్పుచుండిరి. మా సారు పిల్లవాని తండ్రికి ఫోను చేసి, "మీ పోరడు పాఠం చూసిండా?" అని యడిగి, "చూసిండు సారూ, చూసిండు, గిప్పుడే ఆడుకోను పోయిండు" అను ప్రత్యుత్తరమును 'చూచినవారు' అను గడిలో జేర్చి, ఆ పట్టికను ఫోటో తీసి, వాట్సాపు గ్రూపునకు పంపి, పంపినట్లు నిదర్శనముగ దానికొక స్క్రీన్‌షాటు తీసి దాచుకొనవలెను. తరతరములుగ బోధకుడైయున్నవాడు ఆ కొలది మాసములలో బోధనకు సాక్షియైనాడు. మహమ్మారి పోయినది, తాళములు తీసిరి, పిల్లలు వచ్చిరి, సుద్దముక్కలు వచ్చినవి. సాక్షి యుద్యోగము మాత్రము పోలేదు. తాత్కాలికముగ వేసిన పదవులే మన రాజ్యమున శాశ్వతములగుట లోకవిదితము గదా.

ఇప్పుడా పదవికి మెరుగులు దిద్దిరి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మొదట పిల్లల ముఖములను, 2025 ఆగస్టు నుండి ఉపాధ్యాయుల ముఖములను గుర్తించి హాజరు వేయు యాపు అమలులోనికి వచ్చినది. ప్రార్థన గంటకు ముందు మా జిల్లాలోని యే బడి వాకిటనైనను నిలిచి చూచినచో ఈ ప్రాతఃకాల సంధ్యావందనము కన్నులపండువుగ నుండును. ఒక సారు తూర్పునకు తిరిగి ఫోనును సూర్యునికి అర్ఘ్యమిచ్చునట్లు పైకెత్తి నిలుచును. మరియొక టీచరమ్మ గోడనీడకు జరిగి, కొంగు సవరించుకొని, రెప్పవేయక చూచుచుండును.

"మీ ముఖం పడ్డదా, సార్?"

"పడలే, మేడం. కండ్లు మూసి తెరువుమంటది. తెరిచినంక సర్వరే మూసుకుంటున్నది."

"గా కానుగచెట్టు కిందికి పోండ్రి సార్, అక్కడ సిగ్నలొస్తది. నిన్న నాకు గక్కడనే పడ్డది."

ఇంతలో గంట మ్రోగును. ఒక్క చూపుతో ముప్పదిమంది పిల్లల ముఖములను చదివి, ఎవనికి భిన్నము లర్థమైనవో, ఎవడు ఇంట తినక వచ్చెనో, ఎవని తండ్రి రాత్రి త్రాగి గొడవచేసెనో కనిపెట్టగల ఇరువదియేండ్ల యనుభవశాలి యతడు. అతని యొక్క ముఖమును చదువలేక, ఆ యంత్రము 'మరల ప్రయత్నింపుడు' అనుచున్నది. తరగతిలో నిట్లొక పిల్లవాడు చేసియుండినచో మందబుద్ధి యని వ్రాసి తల్లిదండ్రులను పిలిపింతుము. యంత్రమునకు మాత్రము 'అప్‌డేటు' ఇత్తుము.

ఈ వైభవమున మేము మొదటివారము కాము. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇట్టి ముఖపు యాపును ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులలోనే వేసుకొనవలెనని చెప్పగా, అక్కడి సంఘములు ముఖము మాదే కాని ఫోనును మాదే గదా యని తిరుగబడినవి. అంతకు మున్నే అచ్చటి పంతుళ్లచేత బడి మరుగుదొడ్లను ఫోటో తీయించి యాపులో నెక్కించుచుండిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప గాని ఆ కళాసాధననుండి వారికి విముక్తి కలుగలేదు. ఛందస్సు చదివి భాషాప్రవీణులైనవారు పాయిఖానా గచ్చుపై వెలుతురెట్లు పడవలెనో యోజించుచు నిలిచిన దృశ్యమును తలచుకొనిన, మన భాష కొక మహాకావ్యము తప్పిపోయెనేమో యనిపించును.

మా వైపున మరుగుదొడ్లు లేవు గాని, అనగా ఫోటోలలో లేవు గాని, తక్కినవన్నియు నున్నవి. చైల్డ్ ఇన్ఫోలో పిల్లవాని వివరములు, యూడైస్ ప్లస్‌లో ఆ వివరముల వివరములు, అపార్‌కై వాని ఆధారు, ఆధారులో తండ్రి పేరు తప్పుపడినచో దానికి మీసేవ ప్రదక్షిణములు, మధ్యాహ్నభోజనమున కెందరు కూర్చుండిరి, ఎన్ని గ్రుడ్లు ఉడికినవి, తొలిమెట్టులో ఎవరే మెట్టుపై నున్నారు. వీనినన్నిటిని అడుగు సందేశములు వాట్సాపులో 'మోస్ట్ అర్జెంట్' అను బిరుదముతో దిగును. నిన్నటి మోస్ట్ అర్జెంటును నేటి మోస్ట్ అర్జెంటు గుర్తుచేయును. మూడవ పీరియడులో "సార్, ఈ లెక్క..." అని లేచి నిలిచిన పిల్లకు సారు ఫోనునుండి తల యెత్తక "ఒక్క నిమిషం బిడ్డా" అనును. ఆ నిమిషము విద్యాసంవత్సరమున కంతటికి వర్తించును.

ఇందొక శాస్త్రచర్చ గలదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఇరువదియేడవ సెక్షనులో, జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు అను మూడింటికి తప్ప మరి యే బోధనేతర కార్యమునకును ఉపాధ్యాయుని నియోగింపరాదని స్పష్టముగ వ్రాసియున్నది. చట్టము వ్రాసినవారు నిష్కపటులు; పంతులును బడినుండి బయటికి గొనిపోవుటయే దోషమని తలచిరి. బడిలోనే, తరగతిలోనే, నల్లబల్ల ముందరనే, కుర్చీనుండి కదల్పకయే, పాఠమునుండి మాత్రము గొనిపోగల ఉపాయ మొకటి జేబులో నిముడునని వారి కేమి తెలియును? చట్టము చెక్కుచెదరలేదు, పంతులును బడి దాటలేదు.

ఇంతకును హాజరు చెడ్డదని నేననుట లేదు. నెలకొకమారు బడి ముఖము చూచి, నెలసరి జీతపు ముఖము తప్పక చూచిన మహానుభావులను మా మారుమూల పల్లెలు ఎరుగును. తమకు బదులుగ ఊరిలోని నిరుద్యోగిని వేయి రూపాయలకు కూర్చుండబెట్టినవారి కథలును వినియుంటిమి. అట్టివారికి యీ యాపు ఉపద్రవమే, కావలసినదే. కాని హాజరును గూర్చి సింగరేణి సీమవారికి ఒకరు నేర్పవలసినది లేదు. ఇచట మస్టరు పడుటయే జీవితము. 1952 నాటి గనుల చట్టము ప్రకారము భూగర్భమున పనిచేయువానికి వేతనముతో కూడిన సెలవు దక్కవలెనన్న యేడాదిలో 190 హాజరులు, తక్కినవారికి 240 హాజరులు నుండవలసియుండెను; ఆ లెక్క కార్మికుని భార్యకును కంఠస్థము. అయినను మస్టరు పడినంత మాత్రమున బొగ్గు పైకి రాదని 1889లో ఇల్లెందువద్ద త్రవ్వకము మొదలైన నాటినుండి సింగరేణి కంపెనీకి తెలియును. అందుచేతనే షిఫ్టు ముగిసిన పిదప ఎందరు దిగిరని మాత్రమే గాక, ఎన్ని టన్నులు వచ్చినవని గూడ అడుగుదురు. బడియం దడుగువాడు దిగినవారి లెక్కతోనే సంతుష్టుడై నిద్రపోవుచున్నాడు. ముఖములు పడినవి, పాఠము పడినదా యను గడి ఆ యాపులో లేదు.

ఆ గడి యుండినచో అందేమి నింపుదురో ఒక యుదాహరణము చెప్పెదను. తెలంగాణలో జిల్లాలెన్ని యని ఎనిమిదవ తరగతిలో ప్రశ్న వచ్చినదనుకొనుడు. ఒక పిల్లవాడు ఇంటనున్న పాత పుస్తకము చూచి ముప్పదియొకటి యనును. ఒకడు అన్న ఫోనులో చూచితినని ముప్పదిమూడనును. మరియొకడు ఏదో వీడియోలో పది యని విన్నట్లు ప్రమాణము చేయును. మూడవవానిని చూచి తక్కిన ఇద్దరు నవ్వుదురు. ఫోను నడిగినచో ముప్పదిమూడని యొక్క ముక్కలో తేల్చి కొట్టివేయును. సారు మాత్రము ముగ్గురును సత్యవాదులే యని తీర్పు చెప్పి, 2014లో రాష్ట్రము వచ్చిన నాటి సంఖ్య పదియనియు, 2016 దసరా నాడు ముప్పదియొకటి యైనదనియు, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి ముప్పదిమూడైనదనియు వివరించి, "ఐతే మన మంచిర్యాల పది జిల్లలున్ననాడు యాడుండె?" అని యడిగినచో తరగతి యంతయు ఆలోచనలో పడును. సత్యమునకు తేదీ యుండునని, ఎవడు చెప్పెనో అన్నదానితోబాటు ఎప్పుడు చెప్పెనో గూడ చూడవలెనని ఆ పదినిమిషములలో పిల్లలకు తెలియును. సమాధానములు చౌకయైన కాలమున పంతులు చేయవలసిన పని యిదియే. వచ్చిన మూడు సమాధానములలో దేనికే బరువున్నదో తూచి చూపుట. మునుపు విద్య పంతులు చేతి మూటలో నుండెడిది, అతడు విప్పిన గాని పిల్లవానికి దక్కదు. ఇప్పుడా మూట ఊరంతయు విప్పియున్నది, ఏరుకొనుట నేర్పువాడు కావలెను. సెల్‌ఫోను వచ్చినందున పంతులు పని తగ్గలేదు, హెచ్చినది. సరిగా ఆ సమయముననే అతని చేతినుండి తీరిక నంతయు సెల్‌ఫోనే లాగికొన్నది.

ఫోనును నిందించుటయు నా యభిమతము కాదు. గుండె కవాటము తెరచుకొనుటను, అగ్నిపర్వతము పొంగుటను కవ్వాలు అడవియంచునున్న బిడ్డకు ప్రత్యక్షముగ చూపుటకు అంతకంటె మంచి సాధనము లేదు; పుస్తకముపై ముద్రించిన క్యూఆర్ చిహ్నమును స్కాను చేసి చూపి, దృశ్యము నాపి, "ఇప్పుడేమగును?" అని యడుగు సారు చేతిలో అది సరస్వతియే. మధ్యలో నాపువాడు లేనప్పుడే చిక్కు. 2024 నాటి అసర్ నివేదికయందు, గ్రామీణ భారతమున 14 నుండి 16 ఏండ్ల వారిలో ఫోను వాడనేర్చినవారు నూటికి 82 మంది యనియు, వారిలో సర్వేకు ముందటి వారమున చదువునకై వాడినవారు 57 వంతులు కాగా, సామాజిక మాధ్యమములకై వాడినవారు ఇంచుమించు 76 వంతులనియు గలదు. ఫోను బడికి వచ్చినదని మనము సంతోషించుచుంటిమి. పిల్లవాడు ఫోనులో బడి యెగగొట్టుచున్నాడు. ఫ్రాన్సు దేశమువారు 2018లోనే చట్టము చేసి పదునైదేండ్లలోపు పిల్లల బడులలో సెల్‌ఫోనును నిషేధించిరి. మనము నిషేధింపలేము, సారు ఫోను లోపలికి రాకున్న హాజరు పడదు.

ఫోనుగురువును నమ్మినవారి గతియు తెలిసినదే. 2022లో రెండువేల రెండువందల కోట్ల డాలర్ల విలువ చేసిన బైజూస్ సంస్థ, ఆ యేడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశపు ఎనిమిదవ తరగతి పిల్లల ట్యాబులలో పాఠ్యాంశములై వెలసి, 2024 జూలైలో దివాలా ప్రక్రియలో పడినది. ఐపీ పెట్టిన గురువును పురాణములలో గూడ చదివియుండలేదు.

అందుచేత ప్రభుత్వమువారికి నాదొక వినయపూర్వక సూచన. ఉపాధ్యాయుని పని ఫోను చేయగలదను నమ్మకము దృఢమైనచో, దానినే శాశ్వత ప్రాతిపదికపై సెకండరీ గ్రేడు టీచరుగ నియమింపుడు. 2024 డీఎస్సీ వలె 11,062 పోస్టులు వేసి, రోస్టరు ప్రకారము నింపుడు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న, అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలిన పాతవారు గూడ రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావలెనన్నది గావున దానిచేతను టెట్ వ్రాయింపుడు. ఉద్యోగులను జిల్లాలకు పంచిన మూడువందల పదిహేడు జీవో వర్తింపజేసి మంచిర్యాల ఫోనును ఆసిఫాబాదునకు, దాని ఛార్జరును నిర్మలునకు కేటాయించి, భార్యాభర్తల కోటాలో దరఖాస్తు పెట్టుకొమ్మనుడు. 2024 నవంబరు కుటుంబసర్వేలో ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి పంతుళ్లను ఇల్లిల్లు త్రిప్పినట్లే దానిని ద్రిప్పుడు. రానున్న జనగణనయు ఫోనులోనే జరుగునట గావున అది తన పనిని తానే చేసికొనును. పీఆర్సీ కొరకు, డీఏ బకాయిల కొరకు, దాచుకొన్న సొమ్ము బిల్లు కొరకు రెండేండ్లు నిరీక్షింపజేయుడు. పదవ తరగతి ఫలితములు తగ్గినచో దానికి తాఖీదునిచ్చి, సంజాయిషీ నడుగుడు. ఇన్నిటికిని ఓర్చి, మరునాటి యుదయము చిరునవ్వుతో బడికి వచ్చి "ఏమే, నిన్న రాలేదేంది బిడ్డా, పానం బాగలేదా?" అని యొక్క పిల్లను అది తనంత తానుగ పలుకరించినచో, నేనును దానికి గురుదక్షిణ సమర్పించుకొందును.

అంతవరకు ఉన్న సారులతోనే గడుపవలసియున్నది గావున, యాపులో ఒక చిన్న సవరణ చేయింపుడు. అందు క్యాజువల్ సెలవు, స్పెషల్ క్యాజువల్ సెలవు, వైద్య సెలవు, ప్రసూతి సెలవు, అన్యకార్య నియోగము అను గడులు యథావిధిగ నున్నవి. వాని క్రింద 'బోధనార్థపు సెలవు' అని మరియొక గడి చేర్చి, ప్రతి యుపాధ్యాయుడును దినమునకు రెండుగంటలు, ముందుగ దరఖాస్తు పెట్టి, పై యధికారి యనుమతి పొంది, ఫోనును ఆఫీసు బీరువాలో భద్రపరచి తరగతికి పోవచ్చునని యుత్తరువు లిప్పింపుడు. సెలవు దుర్వినియోగము కాకుండ, లోపల నిజముగనే పాఠము చెప్పుచున్నాడా లేదా యని తెలిసికొనుటకు మాత్రము ఫోటో అడుగకుడు. తలుపు తెరచి పిల్లల నడుగుడు.